ఆదివారపు ఉదయం: ఖిచ్డీ, ఖీమా, ఖట్టా

బాల్యస్మృతులలో దృశ్యాలకంటె పరిమళాలే దీర్ఘకాలం నిలుస్తాయని నా అనుభవం. పాతనగరంలో శాలిబండకు సమీపాన గల మా ఇంటి తలుపు ఏ రంగులో ఉండేదో ఈనాడు నాకు స్పష్టంగా జ్ఞాపకం లేదు. కాని ఆదివారం ఉదయాన వంటింటి నుండి వెలువడే వేగిన ఉల్లిపాయల వాసన, వెనువెంటనే పుదీనా వాసన, ఆపైన మూకుడులో నువ్వులు చిటపటలాడే సవ్వడి మాత్రం నిన్నటివలె ఉన్నవి.

హైదరాబాదు ముస్లిం కుటుంబాలలో సెలవుదినపు ఉదయాహారం అనగానే మూడు పేర్లు జంటవిడువక వస్తాయి: ఖిచ్డీ, ఖీమా, ఖట్టా. ఈ మూడింటిలోను 'ఖ' కారం ఉన్నట్లు తెలుగు లిపిలో కనిపించినా, ఉర్దూలో వ్రాసినప్పుడు ఖీమా మొదటి అక్షరం 'ఖాఫ్'. దానిని 'ఖ'గా ఉచ్చరించడం దక్కనీ నాలుకకు అలవాటు. ఉత్తరాది నుండి వచ్చిన బంధువులు ఈ ఉచ్చారణను పరిహసించేవారు. పరిహసిస్తూనే రెండవమారు వడ్డించుకొనేవారు.

నిజాం రాజ్యంలో వారపు సెలవు శుక్రవారం. 1948లో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసిన తరువాత ఆ సెలవు ఆదివారానికి మారింది. మా నానీ మాత్రం చివరివరకు శుక్రవారమే ఖిచ్డీ వండించుకొనేది. మా ఇంట అబ్బా కచేరీకి పోనవసరం లేని దినమే ఖిచ్డీ దినం గనుక ఆదివారం స్థిరపడింది.

ఖిచ్డీ కొత్త వంట కాదు. పదునాలుగవ శతాబ్దంలో ఈ దేశాన సంచరించిన ఇబ్న్ బతూతా, ఇక్కడివారు పెసలను బియ్యంతో కలిపి వండి నేతితో ఉదయాన భుజిస్తారని వ్రాసినాడు. అబుల్ ఫజల్ రచించిన 'ఆయినె అక్బరీ'లో బియ్యము, పప్పు, నెయ్యి మూడును ఐదేసి సేర్ల చొప్పున సమపాళ్లలో చెప్పబడినవి. చక్రవర్తి వంటశాలకు అది చెల్లును గాని, మా అమ్మీ నెయ్యి రెండు చెంచాలకు మించేది కాదు. అదియును నెల మొదటి రెండు ఆదివారాలకే.

అన్యప్రాంతాలవారు ఖిచ్డీ అనగానే రోగికి పెట్టే మెత్తని జావను తలచుకొంటారు. హైదరాబాదు ఖిచ్డీ అట్టిది కాదు. ఇందులో మెతుకు మెతుకుకు అంటరాదు. అందుకే ఇక్కడ ఎర్రని మసూర్ పప్పును, అనగా మన అంగళ్లలో మైసూరు పప్పు అని పిలిచేదానిని వాడతారు. పొట్టు తీసి బద్దలు చేసినది గనుక అది బియ్యంతో దాదాపు సమానకాలంలో ఉడుకుతుంది. కందిపప్పు వేసినచో పప్పు ఉడికేసరికి అన్నం చిమిడిపోతుంది. సగం సేరు బియ్యానికి పావు సేరు పప్పు మా ఇంటి లెక్క. మెట్రిక్ తూనికలకు 1956లోనే చట్టం వచ్చినప్పటికి, మా వంటింటి గడపను అవి చాలాకాలం దాటలేదు. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, షాజీరా, లవంగాలు, పుదీనా వేసి, బియ్యం పప్పు కలిపి, నీరు ఇగురుతుండగా మూతపై నిప్పులు పెట్టి దమ్ము చేసేది. పచ్చిగా ఉన్నప్పుడు ఎర్రగా ఉండే పప్పు ఉడికి పసుపుపచ్చగా మారడం బాల్యంలో నాకొక వింత. బియ్యపు మాంసకృత్తులలో లోపించే లైసిన్ పప్పులో సమృద్ధిగా ఉంటుందని చాలా ఏండ్లకు కళాశాలలో చదివినాను.

ఇక ఖట్టా. నా దృష్టిలో ఈ భోజనానికి ప్రాణం ఇదే. నువ్వులు, వాటిలో సగం వేరుశనగలు, కొంచెం జీలకర్ర దోరగా వేయించి సన్నికల్లుపై మెత్తగా నూరాలి. నువ్వుల తూకంలో సుమారు సగం నూనెయే. అందువల్ల ఆ ముద్దను చింతపండు రసంలో కలిపినప్పుడు రసం పాలవలె తెల్లబారి చిక్కబడుతుంది. నువ్వులు ఒక్క నిమిషం ఎక్కువ వేగినా చేదు వస్తుంది. దానిని ఏ ఉప్పు గాని, ఏ పులుపు గాని కప్పలేదు. పచ్చి ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరప, కొత్తిమీర వేసి, కరివేపాకుతో బఘార్ పెడితే ఖట్టా సిద్ధం. దీనిని పొయ్యిపై ఉడికించరు.

ఇది చదివే తెలంగాణ విద్యార్థులకు ఈపాటికి పచ్చిపులుసు స్ఫురించి ఉండాలి. ఆ స్ఫురణ సరియైనదే. ఖట్టా అన్నా పులుసు అన్నా అర్థం పులుపే. చింతపండు, నువ్వులు, పచ్చి ఉల్లిపాయ రెండింటను ఉన్నవి. పచ్చిపులుసులో మిరపకాయలను కాల్చి చేతితో పిసుకుతారు, నువ్వులు పొడిగా వేస్తారు; ఖట్టాలో ముద్దగా నూరుతారు. మా పక్క ఇంటి పెద్దమ్మ మాంసం ముట్టనిది. ఆమె కొరకు మా అమ్మీ ఆదివారం తెల్లవారగానే, ఖీమా ఇంటికి రాకముందే ఖట్టా చేసి, వేరు గరిటెతో వేరు గిన్నెలో పోసి ఉంచేది. "అక్కా, ఇంకా ఏదీ ముట్టలేదు" అని చెప్పి గోడమీదుగా అందించేది. ఆ గిన్నె ఎన్నడూ ఖాళీగా తిరిగి రాలేదు. ఒక వారం పచ్చిపులుసు, ఒక వారం సర్వపిండి, ఏమీ లేకున్న గుప్పెడు కరివేపాకు.

ఆ గిన్నె పింగాణీది. రాగి దేగ్చీలో ఖట్టా కలపడం మా ఇంట నిషిద్ధం. చింతపండులోని ఆమ్లం రాగితో చేరి చిలుము పుట్టిస్తుంది, అది విషం. వంటకు వాడే రాగిపాత్రలకు కళాయి పూత తప్పనిసరి. కళాయివాడు మా గల్లీ మొదట గుంత త్రవ్వి, తోలుతిత్తితో నిప్పు రాజేసి, పాత్రను కాచి నవాసారం చల్లేవాడు. గుప్పున తెల్లని పొగ లేచేది. రాగిపై మలినం కరిగిపోయేది. అప్పుడు తగరపు కడ్డీని తాకించి దూదితో రుద్దగానే లోపలి భాగమంతా వెండివలె మెరిసేది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది గనుక ఆ చిన్న నిప్పే చాలేది. స్టీలు, అల్యూమినియం పాత్రలు వచ్చిన పిదప ఆయన రాక క్రమంగా తగ్గింది.

ఒక విషయం చెప్పక తప్పదు. ఆ దినం అందరికీ సెలవు, అమ్మీకి తప్ప. ఒక బొగ్గుల కుంపటి, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఆరుగురికి వంట. దస్తర్‌ఖాన్ చుట్టూ మేము కూర్చొని అప్పడాలకై పోట్లాడుకొనేవారము. అనుకోని అతిథి వస్తే ఖట్టాలో ఒక లోటా నీరు చేరేది. ఖీమా అతిథి పళ్లెంలోకి పోయేది. ఆమె ఎప్పుడు తిన్నదో, ఏమి మిగిలితే తిన్నదో నేనేనాడూ చూడలేదు. చూడలేదన్నది కూడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆమె చేతులు వణకనారంభించిన కాలంలో ఒక నోటుపుస్తకం, చిన్న తక్కెడ పట్టుకొని ఆమె ప్రక్కన కూర్చున్నాను. ఎంత వేయాలి అంటే "అందాజు" అన్నది. తెలుగువారూ అదే మాట అంటారు. చివరకు ఆమె పిడికిట్లోని నువ్వులనే తక్కెడలో పోయించినాను. 35 గ్రాములు తూగినవి. మరల పోయించితే మరల 35. ఆమె నవ్వి, "ఇన్నేండ్లు దీన్ని నమ్మే తిన్నావు, ఇప్పుడు లెక్క అడుగుతావా?" అన్నది. ఆ దినం ఖిచ్డీ, ఖట్టా వ్రాసుకొన్నాను. ఖీమా వచ్చే ఆదివారం చెప్తానన్నది. ఆ ఆదివారం ఆమె ఆసుపత్రిలో ఉన్నది. మరల ఇంటికి రాలేదు.

ఇప్పుడు మా ఇంట ఖట్టా సరిగానే కుదురుతుంది. ఖీమా విషయంలో మాత్రం ఆపాకు నాకు ఏకాభిప్రాయం లేదు. చివరలో మెంతికూర వేసేదని ఆపా అంటుంది, వేయలేదని నేనంటాను. పెద్దమ్మను అడుగుదామంటే, ఆమె రుచి చూసినది ఖట్టా ఒక్కటే.