'యా' అనాలా.. 'యెస్' అనాలా?

బళ్లారి: తోటివాడు పిలిస్తే 'సరేప్పా'. వయసులో పెద్దవాళ్లు చెబితే 'సరేన్నా', 'సరేక్కా'. ఆఫీసులో అయితే 'సరే సార్'. మాట ఒకటే.. తోక మారితే చాలు, మర్యాద దానంతట అదే వచ్చేస్తుంది. కన్నడంలోనూ అంతే. 'ఆయ్తప్పా', 'ఆయ్తణ్ణా', 'ఆయ్తు సార్'. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే బళ్లారి పిల్లలకు ఇది ఒకరు నేర్పక్కర్లేదు. చిక్కల్లా ఇంగ్లిషుతోనే. బెంగళూరు నుంచో, హైదరాబాద్ నుంచో ఉద్యోగానికని ఫోన్‌లో ఇంటర్వ్యూ చేస్తుంటే 'యా' అనాలా, 'యెస్' అనాలా అన్న దగ్గరే చాలామంది తడబడుతుంటారు.

తోక లేని భాష

ఇంగ్లిషులో 'అప్పా', 'అన్నా', 'అండీ' లాంటివి లేవు. 'సార్' ఉంది గానీ మాటమాటకూ తగిలిస్తే బడిలో హాజరు పలికినట్లుంటుంది. అందుకే అక్కడ మాటనే మార్చుకోవాలి. 'యా', 'యెప్' చనువు మాటలు. స్నేహితుల మధ్య, బాగా పరిచయమున్న తోటి ఉద్యోగుల మధ్య బాగుంటాయి. 'యెస్' ఎవరి దగ్గరైనా చెల్లుతుంది. మరీ చనువూ కాదు, మరీ బిగుసుకుపోయినట్లూ ఉండదు. కొత్తవారితో మొదటిసారి మాట్లాడేటప్పుడు దాన్నే పట్టుకుంటే నష్టం లేదు. ఎదుటివారే 'యా' అంటూ తేలిగ్గా మాట్లాడుతుంటే అప్పుడు మనమూ కాస్త సడలించొచ్చు.

దేనికి ఒప్పుకొంటున్నాం?

తెలుగులో 'అవును' వేరు, 'సరే' వేరు. ఇంగ్లిషులోనూ ఇలాంటి తేడాలున్నాయి. విషయం నిజమేనా అని అడిగితే 'యెస్' లేదా 'దట్స్ రైట్'. పని చెబితే 'ష్యూర్'.. ఇంకాస్త మర్యాదగా 'సర్టెన్లీ'. ఎదుటివారి అభిప్రాయం నచ్చితే 'ఐ అగ్రీ'. 'ఐ యామ్ అగ్రీ' అనడం తప్పు.

'ఆఫ్ కోర్స్'తో జాగ్రత్త. సాయం అడిగినప్పుడు అంటే 'తప్పకుండా' అని అర్థం. 'మీది బళ్లారేనా?' అన్నదానికి అదే మాట అంటే 'ఆ మాత్రం తెలీదా' అన్నట్లు వినపడొచ్చు. 'ఫైన్' అని ముక్తసరిగా అంటే మనసు లేకుండా ఒప్పుకొన్నట్లే. మెసేజ్‌లో ఒట్టి 'కె' అని కొట్టినా అంతే.

'ఓకే' కథ వేరు. 1839లో అమెరికాలోని బోస్టన్ పత్రిక ఒకటి 'ఆల్ కరెక్ట్'ను కావాలని తప్పు స్పెల్లింగ్‌తో కుదించి, సరదాకు వేసిన మాట అది. ఇప్పుడు ఆఫీసుల్లోనూ చెల్లుబాటవుతోంది.

అసలు గండం ఇక్కడే..

చనువు ఎక్కువైతే మహా అయితే 'పద్ధతి తెలీదు' అనుకుంటారు. అర్థమే తిరగబడితే చేతికొచ్చిన ఉద్యోగం జారిపోవచ్చు. 'యూ డోంట్ హావ్ ఎనీ బ్యాక్‌లాగ్స్?' అని అడిగారనుకుందాం. 'అవును, లేవు' అనే అలవాటు కొద్దీ మనవాళ్లు 'యెస్ సార్' అనేస్తారు. అవతలివారికి అది 'ఉన్నాయి' అన్నట్లు వినపడే ప్రమాదం ఉంది. తెలుగు, కన్నడాల్లో ఎదుటివారు అన్న మాట సరైనదైతే 'అవును', 'హౌదు' అంటాం. ఇంగ్లిషులో మాత్రం ఉంటే 'యెస్', లేకపోతే 'నో'. ప్రశ్న ఎలా అడిగినా సరే.

ఎదురుగా ఉంటే ముఖం చూసి అర్థం చేసుకుంటారు. ఫోన్‌లో తల ఊపితే కనపడదు కదా! అందుకే ఒక్క మాటతో వదలకుండా 'నో, ఐ హావ్ క్లియర్డ్ ఆల్ మై పేపర్స్' అని పూర్తి వాక్యం చెప్పడం మేలు.

దీనికి కోచింగ్‌లు అక్కర్లేదు. ఇద్దరు స్నేహితులు కూర్చుని, ఒకరు 'లేవు కదా', 'రాలేదు కదా' అంటూ ఇంగ్లిషులో అడుగుతుంటే మరొకరు జవాబిస్తూ పోవాలి. రోజూ పది నిమిషాలు ఇలా సాధన చేస్తే నాలుక దారికొస్తుంది.