తంగేడేదో, కసిందేదో పిల్లలకు తెలియాలి

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు పారిన చోటల్లా రాయచూరు జిల్లా పొలాల రూపు మారిపోయింది. ఆ నీటిని నమ్ముకునే ఆంధ్ర జిల్లాల రైతు కుటుంబాలు ఇక్కడికి వచ్చి క్యాంపులు కట్టుకున్నాయి. కానీ సిరవార పరిసరాల్లో నాగలి తగలని బీడు భూముల్లో, గట్ల మీద, రాళ్ల నేలల్లో అంతకు ముందు నుంచీ ఉన్న పొద ఒకటుంది. నడివేసవిలో గడ్డి మాడిపోయినా అది పచ్చగానే నిలుస్తుంది. అదే తంగేడు. కన్నడంలో తంగడి అనీ, ఆవరికె అనీ అంటారు. ఇంట్లో ఒక పేరు, బజారులో ఇంకో పేరు వినే మన పిల్లలకు రెండూ ఒకే మొక్క పేర్లని చెప్పడం నుంచే పాఠం మొదలుపెట్టవచ్చు.

తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. ఆరిక్యులేటా అంటే చెవుల వంటి భాగాలు గలది అని అర్థం. ఆకు కాడ మొదట్లో చిన్న చెవి ఆకారంలో రెండు పత్రపుచ్ఛాలు కనిపిస్తాయి. ఒక్కో ఆకుకు 8 నుంచి 12 జతల చిరుఆకులు, ప్రతి జతలోని రెండు చిరుఆకుల నడుమ నిలువుగా ఒక చిన్న గ్రంథి ఉంటాయి. పసుపు పచ్చని పువ్వుకు ఐదు రేకులు, పది కేసరాలు. పై మూడు కేసరాల్లో పుప్పొడి తయారు కాదు. మిగిలిన వాటి కొనలకు సన్నని రంధ్రాలుంటాయి. ఈ పువ్వులో తేనె ఉండదు. తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరిస్తే పుప్పొడి ఆ రంధ్రాల నుంచి రాలుతుంది. పరాగ సంపర్కం పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

మన పెద్దలకు ఈ మొక్కతో రోజూ పని ఉండేది. బెరడులో టానిన్లు ఎక్కువ కాబట్టి తోళ్లను పదును చేసే లందల్లో తంగేడు చెక్క వేసేవారు. కాలి చెప్పు, మోట బావి తొండం దాని చలవే. రొట్టను దమ్ము చేసిన మడిలో తొక్కి పచ్చిరొట్ట ఎరువుగా వాడేవారు. పువ్వులు బతుకమ్మకు ఎక్కేవి. 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది.

అయితే తంగేడును గుర్తుపట్టడం పిల్లల ప్రాణానికి సంబంధించిన విషయం కూడా. దీని దగ్గరి బంధువు కసింద వానాకాలంలో రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో విరివిగా మొలుస్తుంది. కన్నడంలో దీన్ని దొడ్డ తగచె అంటారు. తంగడి, తగచె అనే పేర్లు వినడానికి దగ్గరగా ఉంటాయి. పూలూ పసుపే. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చిన్నపిల్లలను బలిగొన్న అంతుచిక్కని జబ్బుకు కసింద కాయలు తినడంతో సంబంధం ఉందని 2007లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఆ విషం కాలేయం, కండరాలు, మెదడు మూడింటినీ దెబ్బతీస్తుంది.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. కసింద ఆకుకు నాలుగైదు జతల పెద్ద చిరుఆకులే ఉంటాయి, వాటి కొనలు మొనదేలి ఉంటాయి. నలిపితే చెడు వాసన వస్తుంది. గ్రంథి కాడ అడుగున ఒక్కటే ఉంటుంది. తంగేడు చిరుఆకులు చిన్నవి, కొనలు మొద్దుగా ఉంటాయి, చెవులు ఉంటాయి. తంగేడు కాయ పలుచగా, బల్లపరుపుగా ఉంటుంది. కసింద కాయ సన్నగా, పొడవుగా, కొద్దిగా వంగి ఉంటుంది. ఏ కాయనూ నోట్లో పెట్టుకోకూడదన్నది మాత్రం రెండింటికీ ఒకటే నియమం. తిన్నారని తెలిస్తే నాటు వైద్యం చేస్తూ కూర్చోకుండా, ఆ కాయను వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బడి ఆవరణలో తంగేడు పెంచడానికి ఖర్చు లేదు. ఎండిన కాయల నుంచి గింజలు తీయాలి. వాటి తొక్క గట్టిది కాబట్టి గరుకు కాగితం మీద కాస్త రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. మట్టి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వేలి గోరంత లోతున విత్తి, ఎండ తగిలే చోట ఉంచాలి. తొలకరి వానలు పడ్డాక నీరు నిలవని చోట నాటాలి. మొదటి వేసవి దాటే వరకు అప్పుడప్పుడు నీళ్లు పోస్తే చాలు. పశువులు, మేకలు దీన్ని పెద్దగా ముట్టవు కాబట్టి కంచె లేని బడిలోనూ బతుకుతుంది. కాయలు కోశాక కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా చిగురిస్తుంది.

గట్లను చదును చేసి, కలుపు మందు కొట్టే కొద్దీ ఈ పొదలు తగ్గిపోతున్నాయి. మొక్క కనబడకపోతే దాని పేరు కూడా పిల్లల నోట నిలవదు. గోడ వారగా నాలుగు తంగేడు మొక్కలు నాటి, తెలుగులోనూ కన్నడంలోనూ పేరు రాసిన పలక కడదాం. బడి పరిసరాల్లో మొలిచిన కసిందను పిల్లలకు చూపించి, తేడా చెప్పి, కాయ పట్టక ముందే పెద్దలే పీకేయాలి. ఈ వానాకాలం మొదటి వారంలోనే ఆ పని ముగించవచ్చు.