కార్నూస్టీ తుదిగుంట

గోల్ఫు తీరికగల దొరల వినోదమని మనలో బెక్కుర తలంపు. నేనును నట్లే తలంచితిని. కాని స్కాట్లండు తూర్పుతీరమునందలి కార్నూస్టీ మైదానపు వృత్తాంతము దెలిసిన పిమ్మట, గృహిణి గ్రహింపదగిన నీతి యొకటి యందున్నదని తోచినది.

ఆట సూక్ష్మముగా నిది. చిన్న బంతిని కర్రతో గొట్టుచు, దూరమున నున్న నాలుగుంబావు అంగుళముల వెడల్పుగల గుంటలో బడవేయవలెను. ఇట్టి గుంటలు 18. మొత్తముమీద తక్కువ దెబ్బలు వేసినవారిదే గెలుపు. బంతి నీటబడి తీయరానిదైనచో నొక దెబ్బ దండుగ. ఎల్ల దాటినచో దండుగయేగాక, కొట్టిన చోటికే మరలిరావలెను.

కార్నూస్టీలో సముద్రపుగాలి యొకవంక, లోతైన యిసుకగోతు లొకవంక. చివరి రెండు గుంటల దారిలో బారీ యను వాగు మెలికలు దిరుగుచుండును. కావున నేర్పరి గుంటనుండి వెనుకకు లెక్కించుకొనును. తుదిదెబ్బ యెచ్చటినుండి సులభము? అచ్చటికి జేరుటకు ముందటి దెబ్బ యెచ్చట నాగవలెను? ఎచ్చట బడరాదు? విస్తళ్లు వేయు వేళనుండి వెనుకకు గణించి పొయ్యి రాజేయు మనకు ఈ పద్ధతి క్రొత్తది కాదు.

1953లో అమెరికా దేశీయుడు బెన్ హోగన్ పోటీకి ముందుగనే వచ్చి యచ్చట సాధనచేసెను. నాలుగు ఆవృత్తులలో నాతని దెబ్బలు 73, 71, 70, 68. ఆఱవగుంటకు బోవుచో, ఎడమనున్న యెల్లకంచెకును నడిమి గోతులకును మధ్యనున్న యిఱుకుదారినే బంతిని బంపెనని ప్రసిద్ధి. ఆ దారికి నేడును ఆతని పేరే. అది లెక్కించి చేసిన సాహసము.

1999లో ఫ్రాన్సు దేశీయుడు జాఁ వాన్ డ వెల్డ్ మూడు దెబ్బల ఆధిక్యముతో తుదిగుంటకు వచ్చెను. దూరము 487 గజములు. ఆఱు దెబ్బలలో ముగించినను బిరుద మాతనిదే. చిన్నకర్రతో మెల్లగా సాగవచ్చును. కాని యాతడు పెద్దకర్రనే చేపట్టెను. బంతి కుడికి దొలగినది. రెండవ దెబ్బకు ప్రేక్షకుల మంచెకు దగిలి దట్టపు గడ్డిలో బడినది. మూడవ దెబ్బకు వాగులో మునిగినది. ఆతడు మేజోళ్లు విప్పి నీట దిగి, ఆలోచించి, దండుగకే యొడంబడెను. పిదప నిసుకగోయి. మొత్తము ఏడు! సమానులైన మువ్వురికి మరల బోటీ జరుగగా, ఆ యుదయమున పది దెబ్బలు వెనుకబడియున్న పాల్ లారీ గెలిచెను.

2021లో నచ్చటనే జరిగిన స్త్రీల పోటీలో, స్వీడను వనిత అన్నా నోర్డ్‌క్విస్టును, డెన్మార్కు వనిత నన్నా మాడ్సెనును సమానముగా తుదిగుంటకు వచ్చిరి. మాడ్సెను బంతి యిసుకగోతిలో జిక్కి ఆఱు దెబ్బలైనవి. నోర్డ్‌క్విస్టు నాలుగింట ముగించి విజయమందెను.

వాన్ డ వెల్డ్ ధైర్యహీనుడు కాడు; ఓటమిని చిఱునగవుతో భరించెను. కాని చేతనున్న నిలువను మఱచెను. సంవత్సరములకొలది పైసపైస గూడబెట్టి, పిల్ల పెండ్లినాడు నలుగురి మెప్పునకై యంతయు వ్రేల్చి అప్పులపాలగు సంసారములు మనలో లేవా? ఆ దినమున చిన్నకర్ర జేపట్టుటకే యెక్కువ ధైర్యము కావలెను.