పిలుపు వినిపించింది... జవాబుకి ఏడాది పట్టింది

ఆదివారం సాయంత్రం పూజ అయ్యాక మా విచారణ గురువులు నన్ను పక్కకి పిలిచారు. మా చర్చిలో యువత సేవ చూసుకునే ఆయన వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతున్నారు. ‘ఆ బాధ్యత నువ్వు తీసుకోకూడదా? ఆలోచించు’ అన్నారు ఫాదర్. నవ్వేశాను. నాకు నలభై మూడేళ్ళు. డాలస్ శివారులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటి అప్పు, హైస్కూల్లో అమ్మాయి, ఆరో తరగతిలో అబ్బాయి. చర్చి ఇచ్చే జీతం నాకొచ్చే దాంట్లో సగం కూడా ఉండదు. కానీ కారెక్కి ఇంటికొచ్చేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. అది 2024 వసంతకాలం.

దైవపిలుపు అంటే మనకు గుర్తొచ్చేది ఫాదర్లు, సిస్టర్లే. అమెరికాలోని చాలా కథోలిక చర్చిల్లో ‘యూత్ మినిస్టర్’ అని జీతం మీద పనిచేసే వ్యక్తి ఒకరుంటారు. పెళ్ళై పిల్లలున్నవాళ్ళు కూడా కావచ్చు. టీనేజీ పిల్లలతో ఆదివారం సమావేశాలు, భద్రమైన అభ్యంగనానికి తయారుచేయడం, రిట్రీట్లు, వేసవిలో సేవాయాత్రలు అన్నీ వాళ్ళ చేతిమీదుగా జరుగుతాయి.

నేను ఇందులోకి వచ్చింది డ్రైవర్‌గా. 2019లో ఒక రిట్రీట్‌కి పిల్లల్ని తీసుకెళ్ళడానికి కార్లు తక్కువయ్యాయి. సరేనన్నాను. ముందు నా నేర చరిత్ర ఏమైనా ఉందేమో చూశారు. పిల్లల భద్రత మీద శిక్షణ ఇచ్చారు. ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ ఒంటరిగా ఉండకూడదు, విడిగా మెసేజీలు పెట్టకూడదు అన్నారు. మొదట మనసు చివుక్కుమంది. చర్చిలో పిల్లలపై జరిగిన అకృత్యాలు బయటపడ్డాక, 2002లో అమెరికా బిషప్పులు ఇదే డాలస్‌లో సమావేశమై తెచ్చిన కట్టుబాట్ల ఫలితం ఇదని తరవాత తెలిసింది. ఇద్దరు పిల్లల తండ్రిగా ఆలోచిస్తే ఆ చివుక్కుమనడం పోయింది.

డ్రైవింగ్‌తో మొదలై, పిజ్జాలు పంచడం, చిన్న బృందాన్ని నడపడం దాకా వచ్చాను. ఆదివారం రాత్రి ఇంటికొచ్చేటప్పుడు ఉండే హుషారు సోమవారం ఉదయం ఆఫీసు మీటింగులో ఉండేది కాదు. అందుకే ఫాదర్ అడగ్గానే ‘ఇదే పిలుపు’ అనుకున్నాను. తొందరపడ్డానని తరవాత అర్థమైంది. ఆఫీసు మీద విసుగు వేరు, దేవుని పిలుపు వేరు. రెండూ ఒకే గొంతుతో మాట్లాడతాయి.

నేను విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీలో చదువుకున్నాను. అది యేసుసభ ఫాదర్లు 1953లో పెట్టిన కాలేజీ. కాలేజీ పేరులో ఉన్న ఆ లొయోలా ఇగ్నేషియస్ కథ అప్పుడు విన్నదే, ఇప్పుడు పనికొచ్చింది. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. మంచంలో పడుకుని వీరగాథల పుస్తకాలు అడిగితే, ఇంట్లో ఉన్నవి క్రీస్తు జీవితం, పునీతుల చరిత్రలేనట. యుద్ధాలు, రాచకన్యల గురించి కలలుకంటే అప్పటికి బాగుండేది, తరవాత మనసు ఎండిపోయేది. పునీతుల్లా బతకాలనుకున్నప్పటి సంతోషం మాత్రం తరవాత కూడా నిలిచేది. ఆ తేడాని గమనించడమే ఆయన నేర్పిన వివేచనకు మొదలు. మనసు కుంగినప్పుడు నిర్ణయాలు మార్చుకోవద్దన్నారు. నీ పరిస్థితిలోనే ఉన్న ముక్కూమొహం తెలియనివాడు సలహా అడిగితే ఏం చెబుతావో ఆలోచించుకోమన్నారు. మరణశయ్య మీద నుంచి వెనక్కి చూస్తే ఏ నిర్ణయం తీసుకుని ఉంటే బాగుండేదనిపిస్తుందో చూసుకోమన్నారు.

ఫాదర్ నాకు ఏడాది గడువిచ్చారు. ఈలోగా తాత్కాలికంగా ఒకరిని పెట్టుకున్నారు. నేను నోట్‌బుక్ తీసి అటూ ఇటూ కారణాలు రాశాను. వీసా అడ్డం లేదు, మాకు 2021లో గ్రీన్‌కార్డు వచ్చింది. హెచ్‌-1బీ మీద ఉంటే స్పాన్సర్ చేసిన కంపెనీ దగ్గర తప్ప చర్చిలో జీతం తీసుకునే వీలే ఉండేది కాదు. ఖర్చులు తగ్గించుకుంటే ఎలాగో నెట్టుకురావచ్చని లెక్క తేలింది. ఆ లెక్క చూసుకుని నాన్నకి ఫోన్ చేశాను.

మా తాత గుంటూరు జిల్లాలో ఉపదేశి. ఫాదర్ ఎప్పుడో ఒకసారి వచ్చే ఊళ్ళలో సాయంత్రాలు జపం చెప్పించేవాడు, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పేవాడు, చావు ఇంటికి ముందుగా వెళ్ళేవాడు. ఆయన వారసత్వం నాకొచ్చిందని నాన్న మురిసిపోతాడనుకున్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ‘ఒరేయ్, మీ తాతని ఊరంతా మెచ్చుకుంది. మీ నాయనమ్మ వంగి నాట్లు వేసి మమ్మల్ని సాకింది. పిలుపు ఆయనకొచ్చింది, దాని ఖర్చు ఆవిడ కట్టింది. నీ భార్యని అడిగావా?’ అన్నాడు.

అడగలేదు. చెప్పాను, అంతే. నా భార్య నర్సు. వారానికి మూడు రాత్రులు డ్యూటీ. జీతం తగ్గితే నాలుగో రాత్రి తనే చేయాలి. నా నోట్‌బుక్‌లో ఆ రాత్రి ‘అదనపు ఆదాయం’ అనే గడిలో ఉంది. ఆ రోజు కూర్చోబెట్టి అడిగితే, ‘మీకు వినపడింది నాకు ఇంకా వినపడలేదండీ. కాదనను. కానీ నాకూ కాస్త టైమివ్వండి’ అంది.

అసలు దెబ్బ మా అమ్మాయి దగ్గర తగిలింది. తనకి పదిహేనేళ్ళు. ‘నువ్వు ఈ పని తీసుకుంటే నేను యూత్ గ్రూపుకి రాను నాన్నా’ అంది. ఎందుకని అడిగాను. ‘అక్కడ ఎవరైనా నాకు నమ్మకం కలగట్లేదు అంటే నువ్వు ఓపికగా వింటావు. ఇంట్లో నేను అదే అన్నప్పుడు ముందు జపమాల తియ్యి అన్నావు.’ గుర్తుంది. సరిగ్గా అలాగే అన్నాను.

పోప్ ఫ్రాన్సిస్ 2019లో యువత కోసం రాసిన ‘క్రిస్తుస్ వీవిత్’ మా బృందంలో చదివాం. వివేచన మీద అందులో ఒక అధ్యాయమే ఉంది. తోడుగా నడిచేవాడు ముందు ఎదుటి మనిషిని వినాలంటారాయన. దాని మీద రెండు వారాలు నేను పాఠం చెప్పాను. మా ఇంట్లో వినాల్సిన మనిషి పై గదిలో తలుపేసుకుని ఉంది.

2025 వసంతంలో ఫాదర్‌కి ‘లేదు’ అని చెప్పాను. ఆ మాట చెప్పిన రాత్రి బాధపడ్డాను. వారం తరవాత మనసు తేలికైంది. నెల తరవాత కూడా అలాగే ఉంది. ఇగ్నేషియస్ చెప్పిన నిలిచే సంతోషం ఇదేనేమో అనుకున్నాను. ఫాదర్ కూడా ‘పిలుపు లేదని కాదు. ఇప్పుడు, ఈ రూపంలో కాదని తెలిసింది. అదీ జవాబే’ అన్నారు.

ఆ ఉద్యోగంలోకి వేదాంతం చదువుకున్న ఒక అమ్మాయి వచ్చింది. మొదటి ఆదివారం పిల్లలంతా ఆమె చుట్టూ చేరితే నాకు లోపల మండింది. దాచడమెందుకు, రెండు నెలలు మండింది. పిల్లలు నన్ను ఇష్టపడటమే నాకు కావలసింది అనేది ఎంత ఉందో అప్పుడే కనిపించింది. నేనే ఆ కుర్చీలో కూర్చుని ఉంటే అది ఎప్పటికీ కనిపించేది కాదు.

ఇప్పుడు ఆమె కిందే వాలంటీరుగా ఉన్నాను. ఒక పని మాత్రం నాకు ప్రత్యేకంగా అప్పగించింది: తల్లిదండ్రులు. మన తెలుగు, మలయాళీ, తమిళ కుటుంబాలు పిల్లల్ని చర్చి దగ్గర దింపి కార్లలోనే కూర్చుంటాయి. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని వాళ్ళని లోపలికి పిలుస్తాను. ‘పిల్లాడు పూజకి రానంటున్నాడండీ, ఏం చేయమంటారు’ అని అడుగుతారు. నేను చేసిన తప్పు ముందు చెబుతాను. తరవాత వాళ్ళు కూడా చెప్పుకుంటారు.

మీలో ఎవరికైనా గుడిలోనో, చర్చిలోనో, తెలుగు బడిలోనో ‘ఇదే నా పని’ అనిపిస్తూ ఉంటే, అనుమానించకండి, తొందరపడకండి. దాని ఖర్చు ఎవరు కడతారో రాసుకోండి. వాళ్ళని అడగండి. చెప్పడం కాదు, అడగండి.

మా అమ్మాయి యూత్ గ్రూపుకి మళ్ళీ వెళ్తోంది. నా బృందంలో కాదు, వేరే దాంట్లో. ఇంటికొచ్చేటప్పుడు కారులో ఒక్కోసారి మాట్లాడుతుంది, ఒక్కోసారి మాట్లాడదు. నేను రేడియో పెట్టను. ఆ ఇరవై నిమిషాలూ తన కోసం ఖాళీగా ఉంచుతాను.