వేటగాని మనస్సు

వన్యప్రాణులను వేటాడుట నేరమని మన గ్రామములలో ఎరుగనివారు నేడు అరుదు. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. అర్ధశతాబ్దము గడచినను పొలముల గట్లపై ఉచ్చులు కనబడుచునే యున్నవి. వేసవి రాత్రులందు కుక్కలను వెంటబెట్టుకొని గుట్టలకు పోవువారు పోవుచునే యున్నారు. పట్టుకొని శిక్షింపజేయుట అటవీశాఖవారి పని. కాని వేటాడువాడు పంచాయతీ సభ్యులకు పరాయివాడు కాడు. అదే వాడలో నివసించువాడు, గ్రామసభలో ప్రక్కన కూర్చుండువాడు. అతనిచేత వేట మాన్పింపవలెనన్నచో ముందుగా ఒక సంగతి గ్రహింపవలెను: వేటలో అతనికి దొరకునది ఏమి?

మాంసమే యని పలువురు చెప్పుదురు. అది కొంతవరకే నిజము. వారపు సంతలో కోడిమాంసము దొరకు ఈ కాలమున ఒక కుందేలు కొరకు తెల్లవార్లు ముళ్లపొదలలో తిరుగువాడు కూరకొరకే తిరుగుచున్నాడనుట పొసగదు. హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు నల్లమల చెంచుల నడుమ నివసించి, వారినిగూర్చి 1943లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆనాటికే చెంచుల ఆహారములో అధికభాగము దుంపలు, పండ్లు మొదలగువానివలన లభించుచుండెడిది. వేటవలన వచ్చునది స్వల్పము. ఐనను విల్లంబులు పురుషునకు గౌరవచిహ్నములుగానే నిలిచినవి. కడుపు నింపనిదైనను వేట మనిషికి మరేదో ఇచ్చుచున్నదని దీనివలన తెలియుచున్నది.

దొరల వేట, ఊరి వేట

ఆ మరేదో యనునది అందరికి ఒక్కటి కాదు. హనుమకొండకు చేరువనున్న నెక్కొండ ప్రాంతపు అడవులలో 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు పులివేట సాగించెను. చచ్చిన పులివద్ద ఆయనయు, ఆయన భార్యయు నిలిచి తీయించుకొన్న ఛాయాచిత్రము నేటికిని పుస్తకములలో కనబడుచున్నది. అప్పటి నైజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కూడ పులివేటలో పేరుమోసినవాడే. అట్టివారికి వేట యనగా అధికార ప్రదర్శనము. జంతువును చుట్టుముట్టి, డప్పులు మ్రోగించి, కేకలు వేసి తుపాకి యెదుటికి తోలుకొనివచ్చువారు మాత్రము సామాన్య జనులు. ప్రాణాపాయము వారిది, పేరు దొరలది.

ఏటూరునాగారము మొదలు భద్రాచలము వరకు గోదావరి అడవులలో నివసించు కోయలకు వేట యర్థము వేరు. వారు విత్తనములు చల్లుటకు ముందు విజ్జపండుం, అనగా విత్తుల పండుగ, జరుపుకొందురు. పూర్వము ఆ పండుగకు పురుషులందరు కలసి అడవికి వేటకు పోవుట ఆచారము. వట్టిచేతులతో తిరిగివచ్చినచో స్త్రీలు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేయుట కూడ ఉండెడిది. దొరకిన మాంసమును ఊరివారు పంచుకొనెడివారు. ఇచ్చట వేట ఒక్కని గొప్ప కాదు. భూమి పండవలెనని ఊరంతయు చేయు మ్రొక్కు. అందు పాల్గొనుట తాను ఆ ఊరివాడనని చాటుకొనుట. పాల్గొనకుండుట వెలివంటిది.

మన పురాణములును, జానపదగాథలును ఈ భావమునే చూపుచున్నవి. అడవికి వేటకు పోయిన కోయదొరలకు పులుల నడుమ ఆడుకొనుచున్న పసిపాప కనబడెననియు, ఆమెయే మేడారపు సమ్మక్క యనియు కోయల గాథ. వేటకు పోయినవారు ప్రాణము తీయక ప్రాణమును కాపాడి ఇంటికి తెచ్చిరి. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యములో వర్ణించిన తిన్నడు బోయపిల్లవాడు. తాను వేటాడి తెచ్చిన మాంసములో మేలైనదానిని శివునకు సమర్పించి కన్నప్ప యైనాడు. తెలంగాణములో జాతరకు కోయు మేకను నేటికిని యాట యందురు. వేట యను మాటయే అట్లు మారినది. వేటకును, మ్రొక్కుకును, పంపకమునకును గల బంధము ఆ మాటలోనే యున్నది.

నేటి వేటగాండ్రలో రకములు

అడవి తరిగిన మన మైదాన గ్రామములలో నేడు వేటాడువారిని నాలుగు రకములుగా గుర్తింపవచ్చును.

మొదటివాడు స్నేహితులకొరకు పోవువాడు. నలుగురు కలసి రాత్రి నడచుట, నెగడు చుట్టు కూర్చుండుట, తెచ్చినదానిని సమముగా పంచుకొనుట అతనికి సంతోషము. రెండవవాడు విద్యకొరకు పోవువాడు. అడుగుజాడ చూచి జంతువేదో, ఎంతసేపటి క్రింద పోయినదో చెప్పగలడు. ఉడుము ఏ తొర్రలో నుండునో, కౌజుపిట్ట ఏ పొదలో గ్రుడ్లు పెట్టునో అతనికి తెలియును. ఆ నేర్పు అతనికి తండ్రి నేర్పినది. బడిలో చదువు రానివానికి ఊరిలో మర్యాద తెచ్చినది అదియే. మూడవవాడు రైతు. అడవిపందులు ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేనును తొక్కి పాడుచేసినప్పుడు అతనికి కలుగునది సరదా కాదు, కసి. నాల్గవవాడు అమ్మకమునకు చంపువాడు. అతనికి అడవియు, ఊరును రెండును లెక్కలేదు.

ఈ నలుగురికి ఒకే మాట చెప్పి ప్రయోజనము లేదు. నాల్గవవానిగూర్చి అటవీ అధికారులకు తెలియజేయుటయే మార్గము. మిగిలిన ముగ్గురితో మాటలాడవలసినవారు పంచాయతీ పెద్దలు.

చట్టము చెప్పునది

మాటలాడుటకు ముందు చట్టమును సరిగా తెలిసికొనవలెను. చంపుట మాత్రమే వేట కాదు. ఉచ్చు పన్నుట, విషము పెట్టుట, ఎర వేయుట, తరుముట, పక్షుల గ్రుడ్లను గూళ్లను చెరచుట, ఇట్టివానికి ప్రయత్నించుట కూడ చట్టరీత్యా వేటయే. ఉడుము, అలుగు, నెమలి మొదటి షెడ్యూలులో చేరిన ప్రాణులు. వీనిని వేటాడినను, పాకాల, ఏటూరునాగారము వంటి అభయారణ్యములలో వేటాడినను 3 మొదలు 7 సంవత్సరముల జైలుశిక్షయు, 25,000 రూపాయలకు తక్కువకాని జరిమానాయు పడును. జరిమానాల పెంపు 2022 సవరణతో వచ్చినది.

అటవీహక్కుల చట్టము 2006లో వచ్చిన పిమ్మట వేటకు అనుమతి కలిగినదని కొందరు తలచుచున్నారు. ఇది పొరపాటు. ఆ చట్టము సాగుభూమిపైనను, అటవీ ఫలసాయముపైనను హక్కులిచ్చినది. సంప్రదాయ వేటను మాత్రము స్పష్టముగా మినహాయించినది. దానితోపాటు అడవిని, వన్యప్రాణులను కాపాడు అధికారమును గ్రామసభకే అప్పగించినది.

పంటను నాశనముచేయు అడవిపంది విషయమున రైతుకు దారి లేకపోలేదు. ప్రాణమునకు గాని పంటకు గాని అపాయము కలిగించు జంతువును తొలగించుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు, లేక ఆయన అధికారమిచ్చిన అధికారి, వ్రాతపూర్వకముగా అనుమతి ఇయ్యవచ్చును. అనుమతి లేకుండ చేను చుట్టు కరెంటుతీగ లాగుట మహాపాపము. ఆ తీగకు పందియని, పశువని, మనిషియని తెలియదు. రాత్రివేళ నీరు పెట్టబోయిన రైతులు, మేతకు పోయిన గొడ్లు ఇట్టి తీగలకు బలియగుచున్నారు. పందిపై కసితో లాగిన తీగ పొరుగువాని భార్యను విధవరాలిని చేయును.

పంచాయతీ చేయదగినది

మానుమని చెప్పుట తేలిక. కాని వేటగాని చేతినుండి విల్లును గాని వలను గాని తీసికొన్నప్పుడు అతని గౌరవమును కూడ తీసికొనుచున్నామని గుర్తింపవలెను. ఆ గౌరవమునకు వేరొక చోటు చూపనిచో అతడు చీకటిలో మరల అడవికే పోవును.

చోటు చూపుట సాధ్యమే. మనుష్యభక్షక పులులను వేటాడి పేరుపొందిన జిమ్ కార్బెట్ తరువాత పులుల రక్షణకే పాటుపడెను. 1957లో ఒక జాతీయవనమునకు ఆయన పేరే పెట్టిరి. మనకు దగ్గరి ఉదాహరణము నల్లమలలో కలదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యములో చెంచు యువకులు కావలివారుగా పనిచేయుచున్నారు. తాతలు వేటకు వాడిన జాడల విద్యయే మనుమలకు నేడు జీతము తెచ్చుచున్నది.

ప్రతి పంచాయతీలోను 2002 నాటి చట్టము ప్రకారము జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండవలెను. ఊరి చెట్లు, చేమలు, పక్షులు, జంతువుల వివరములతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయుట దాని విధి. పలుచోట్ల ఈ రిజిస్టరు కాగితపు పనిగా ముగియుచున్నది. పాత వేటగాండ్రను పిలిపించి, వారు చెప్పినదానిని వ్రాయించి, ఎవరు చెప్పినదో వారి పేరు గ్రామసభలో చదివి వినిపించినచో రిజిస్టరునకు ప్రాణము వచ్చును, ఆ వేటగానికి మర్యాద దక్కును. పందులు ఏ దారిని వచ్చునో, ఏ వేళ వచ్చునో అతనికంటె ఎరిగినవారు లేరు. పంటకావలి వంతులు ఏర్పరచునప్పుడు అతని సలహానే ముందడుగవలెను. నలుగురు కలసి రాత్రి మెలకువగా నుండు సంతోషము ఆ కావలిలోను ఉన్నది.

పండుగవేట విషయమున మాత్రము తొందర పనికిరాదు. ఏది మ్రొక్కునకు ప్రాణము, ఏది విడువదగినది అను విచారణ కోయ పెద్దలదే కావలెను. పంచాయతీ వారితో కూర్చుండి చట్టమును వివరింపవలెను, వారు చెప్పునది ఓపికతో వినవలెను. పండుగను అవమానించి ప్రాణులను కాపాడలేము.

రాబోవు గ్రామసభ చర్చనీయాంశములలో ఈ విషయమును చేర్చుడు. ఊరిలో ఉచ్చులు ఎందరు పన్నుచున్నారను ప్రశ్నతో మొదలిడినచో ఎవరును నోరు విప్పరు. అడవినిగూర్చి మనలో ఎక్కువ ఎరిగినవారెవరని అడుగుడు. లేచి నిలుచున్నవారితోనే పని ప్రారంభింపవచ్చును.