రొయ్యకును పీతకును గల చుట్టరికము

రొయ్యను చేపలలో జేర్చి మాటలాడుట మనవారి వాడుక. సంతలో నీ మాట చెల్లును గాని, చెరువు పెంచు రైతున కది చాలదు. చేపకు లోపల వెన్నెముక గలదు, రొయ్యకు లేదు. దాని గట్టిదనమంతయు వెలుపలి పెంకునందే యున్నది. వరిగట్లకు బొరియలు పెట్టు పీతయు, ననగా ఎండ్రకాయయు, నీ తెగలోనిదే.

ఈ తెగను శాస్త్రజ్ఞులు క్రస్టేషియా యందురు. లాటిను భాషలో క్రస్టా యనగా గట్టి పైపొర. అయినను గుల్ల గలవన్నియు నిందు జేరవు. నత్తకును, ఆల్చిప్పకును గుల్ల యున్నది గాని కీళ్లుగల కాళ్లు లేవు. కావున నవి వేఱు. వ్యాపారులు షెల్‌ఫిష్ అను మాటతో నీ రెండు తెగలను గలిపి చెప్పుదురు.

క్రస్టేషియా తెగకు గుఱుతు లివి: కీళ్లుగల కాళ్లు, తలపై రెండు జతల మీసములు. పురుగులకు మీసము లొక్క జతయే. పెంకు సాగదు గనుక రొయ్య పెరుగుటకై పలుమాఱు కుబుసము విడుచును. క్రొత్త పెంకు గట్టిపడువఱకు నది మెత్తనై, సాటి రొయ్యలకే యాహారము కావచ్చును. అప్పుడు మేత తక్కువ తినును. తగ్గించి వేయనిచో మిగిలిన మేత నీటిని జెఱచును.

ఈ చుట్టరికము తెలిసినందువలని లాభములు రెండు. రొయ్య పురుగులకు దూరపు బంధువు. కావున పైరుపై జల్లు పైరెత్రాయిడు జాతి పురుగుమందు కొంచెము చెరువులో బడినను రొయ్యలు చచ్చును.

రెండవది తెల్లమచ్చల తెగులు. 1994లో మన దేశమున గానవచ్చిన యీ తెగులు టైగరు రొయ్యల రైతులను మిక్కిలి నష్టపఱచెను. నేటి వనామి రొయ్యకును నిది సోకును. దీనికి మందు లేదు. పీత పైకి ఆరోగ్యముగా గనబడుచునే యీ తెగులును మోసికొని రాగలదు. కావున గట్టుచుట్టు పీతలు దాటని వలకంచె కట్టవలెను. నీటిని సన్నని వలగుండ వడగట్టి పెట్టవలెను.

కాలువ పలువురిది. తెగులు తగిలిన చెరువు నీటిని బ్లీచింగు పొడితో శుద్ధిచేయక వదలినచో పొరుగువాని పంటయు బోవును. తెగులు గనబడిన దినముననే సంఘమునకు దెలుపుట సభ్యుని ధర్మము. అందఱి చెరువులకు నదియే రక్ష.