బోరు చేయించినా ఆయిలు కారుతోందా?

పెద్దాపురం: మెట్ట పొలాల్లో ఒకప్పుడు నీళ్లు తోడిన లిస్టరు తరహా పాత ఇంజనును బాగుచేయించుకున్న రైతును మొదటి రోజే ఏడిపించేది ఆయిలు కారడం. బోరు చేయించి, కొత్త రింగులు ఎక్కించి, డబ్బు ధారపోశాక ఫ్లైవీలు పక్కన చుక్కలు పడుతుంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. మెకానిక్కు మళ్లీ ప్యాకింగులు విప్పుతాడు. కూలీ రెండుసార్లు!

చాలాసార్లు తప్పు ప్యాకింగుది కాదు. నిమిషానికి 650 చుట్లు తిరిగే ఈ ఇంజనులో పిస్టను దిగినప్పుడల్లా క్రాంకు పెట్టెలోని గాలి బయటికి పోవాలి, తిరిగి లోపలికి రాకూడదు. ఆ కాపలా బ్రీదరులోని పలచటి రేకుది. దానికి మడ్డి పట్టినా, తిరగేసి బిగించినా గాలి ఆయిలును బేరింగు సందుల్లోంచి తోసేస్తుంది. కొలపుల్ల గీత దాటేలా ఆయిలు పోసినా అంతే. కొత్త రింగులు కుదురుకునేదాకా గాలి కాస్త ఎక్కువే కొడుతుంది.

ముందు రేకును డీజిలుతో కడిగి చూడాలి. అప్పటికీ కారితే ప్యాకింగు విప్పించవచ్చు. ఈలోగా ఆయిలు తగ్గకుండా చూసుకోవాలి, లేకుంటే నడి తడిలో బేరింగు పట్టేస్తుంది.